క్రిస్మస్ విలేజ్ మొదలుపెట్టే ముందు: డిపార్ట్‌మెంట్ 56, లీమాక్స్, లెగో, అట్ట ఇళ్ళు, వీటిలో ఏది ఎవరికి?

అమెరికాలో థాంక్స్‌గివింగ్ మర్నాటి నుంచి చాలా ఇళ్ళల్లో ఫైర్‌ప్లేస్ అరుగు మీదో, కిటికీ పక్క బల్ల మీదో ఒక బుల్లి ఊరు వెలుస్తుంది. చర్చి, బేకరీ, పోస్టాఫీసు, వాటిలో దీపాలు, కింద తెల్లటి మంచు, వీధిలో వేలెడంత మనుషులు. ఇక్కడి తెలుగు ఇళ్ళల్లోకి ఇది ఎక్కువగా పిల్లల ద్వారానే వస్తుంది. స్నేహితుల ఇంట్లో చూసొచ్చి, మనమూ పెడదామంటారు. దాంతో డిసెంబరులో షాపుకి పరిగెత్తి, కంటికి నచ్చినవి ఐదారు కొనుక్కొచ్చి, బల్ల మీద వరసగా నిలబెట్టి ప్లగ్గు పెట్టేస్తాం. ఆ ఏటికి బాగానే ఉంటుంది. మరుసటి ఏడాది కొత్తగా చేర్చేది ఏమీ ఉండదు, సంబరమూ ఉండదు.

అందుకే నన్నడిగితే ఏ కంపెనీ అన్నది రెండో సంగతి. ఏటా ఒక్క ఇల్లు చొప్పున ఈ ఊరు పదీ పదిహేనేళ్ళు పెరగాలి. అలా పెరగనిచ్చే సరుకేది, దాన్ని మిగతా పదకొండు నెలలూ ఎక్కడ దాస్తారు అన్నది ముందు తేల్చుకోవాలి. బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో పుట్టినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. కొలువులో ఏటా ఒక్క కొత్త బొమ్మయినా చేరాలని పెద్దవాళ్ళు పట్టుబట్టేది ఇందుకే.

డిపార్ట్‌మెంట్ 56: పేరున్న సరుకు, పేరుకు తగ్గ ధర

మినియాపొలిస్‌లో బాక్‌మన్స్ అని పూల వ్యాపారం చేసే పాత సంస్థ ఉంది. అందులో ఒక్కో విభాగానికీ ఒక నంబరు. బయటి దేశాల నుంచి బహుమతి వస్తువులు తెప్పించి టోకున అమ్మే విభాగం నంబరు 56. ఆ నంబరే తర్వాత కంపెనీ పేరయింది. 1976లో దీపాలు పెట్టే ఆరు సెరామిక్ ఇళ్ళతో ‘స్నో విలేజ్’ తెచ్చారు. 1984లో ‘డికెన్స్ విలేజ్’ వచ్చింది. ఆ తర్వాత న్యూ ఇంగ్లండ్, ఆల్పైన్, 1987లో ‘క్రిస్మస్ ఇన్ ద సిటీ’, 1990లో ‘నార్త్ పోల్’. 2009 నుంచి ఈ బ్రాండు ఎనెస్కో అనే కంపెనీ చేతిలో ఉంది.

కొనేవాళ్ళు తెలుసుకోవలసిన అసలు తేడా ఈ సిరీస్‌ల మధ్యనే ఉంది. స్నో విలేజ్ ఇల్లు నిగనిగలాడుతుంది. పైకప్పు మీద మంచు పంచదార పాకం పోసినట్టు మందంగా మెరుస్తుంది. 20వ శతాబ్దపు అమెరికన్ పల్లె అది: డైనరు, పెట్రోలు బంకు, సినిమా హాలు. డికెన్స్ విలేజ్ ఇల్లు మెరుపు లేని పింగాణీ. చేత్తో తడిమితే పలక మీద రాసినట్టు కాస్త గరుకుగా తగులుతుంది. ఇటుక వరసలు, చెక్క దూలాలు, కిటికీ గళ్ళు విడివిడిగా కనిపిస్తాయి, రంగులు కళ్ళు చెదరకుండా నెమ్మదిగా ఉంటాయి. 19వ శతాబ్దపు లండన్ అన్నమాట. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే దీపాలు ఆర్పినప్పుడు ఒకటి బొమ్మలాగా, ఇంకొకటి ఇల్లులాగా కనిపించి ఊరు రెండుగా చీలిపోతుంది. అందుకే మొదటి ఇల్లు కొనేటప్పుడే మెరుపు కావాలో వద్దో తేల్చుకుని, ఆ తర్వాత ఆ దారి తప్పకండి. డిపార్ట్‌మెంట్ 56, లీమాక్స్ అన్న తేడా కన్నా ఇది ముఖ్యమైన తేడా.

కొత్త ఇల్లు ఒక్కోటి 100 డాలర్లకి అటూ ఇటూ పలుకుతుంది, పెద్దవి ఇంకా పైకి పోతాయి. ఏటా కొన్నిటిని ‘రిటైర్’ చేస్తారు, అంటే అచ్చు ఆపేస్తారు. ‘రిటైర్ అవుతోంది, త్వరపడండి’ అన్న మాటకి మాత్రం లొంగకండి. 1980ల చివర్లో, 90ల్లో వీటిని పెట్టుబడిగా కొన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈబే వచ్చి దేశంలోని అటకలన్నీ ఒకే సంతలోకి చేరాక అరుదనుకున్నవి అరుదు కాకుండా పోయాయి. 1985లో 2,500 మాత్రమే చేసిన డికెన్స్ విలేజ్ మిల్లు లాంటివి వేరే కథ. అవి మన బల్ల మీదికి వచ్చేవీ కాదు, రావలసినవీ కాదు.

లీమాక్స్: పిల్లలున్న ఇంటికి

మైకేల్స్ లాంటి క్రాఫ్ట్ షాపుల్లో ఎండాకాలం పోకముందే అరలు నిండేది ఈ సరుకుతోనే. దీపమున్న ఇల్లు 30 నుంచి 60 డాలర్ల మధ్య దొరుకుతుంది. ఆ షాపుల్లో తగ్గింపు కూపన్లకి కరువుండదు కాబట్టి బోర్డు మీది ధర ఇచ్చి కొనడం అనవసరం. కాడింగ్టన్ విలేజ్ విక్టోరియన్ కాలపు వీధుల్లా ఉంటుంది, వేల్ విలేజ్ మంచుకొండల ఊరు, హాలోవీన్‌కి స్పూకీ టౌన్ వేరేగా ఉంది. తిరిగే జెయింట్ వీలు, రంగులరాట్నం, స్కేటింగ్ చెరువు లాంటి కదిలే బొమ్మల్లో లీమాక్స్‌దే పైచేయి. పిల్లలు ముందు చూసేది వాటినే.

పనితనం? దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. కిటికీ చట్రం అంచు దాటిన రంగు, తలుపు మీద దండ ఆకారం తేలకపోవడం లాంటివి కనిపిస్తాయి. నాలుగడుగుల దూరం నుంచి, దీపాలు వేశాక, ఆ తేడా మన వీధిలో ఎవరికీ తెలియదు. నాకు లీమాక్స్‌తో ఉన్న పేచీ వేరే. చాలా వాటికి పాట కూడా ఉంటుంది. నాలుగు బొమ్మలు నాలుగు పాటలు ఒకేసారి అందుకుంటే హాల్లో కూర్చోలేం. కొనేముందు శబ్దం ఆపే మీట ఉందో లేదో తిప్పి చూడండి.

కదిలేవాటికి 4.5 వోల్టుల అడాప్టర్ కావాలి. బ్యాటరీలతో కూడా నడుస్తాయి గానీ డిసెంబరంతా బ్యాటరీలు మార్చుకుంటూ కూర్చోవడం ఎవరి తరం? ఒకే అడాప్టర్ నుంచి మూడు నాలుగు బొమ్మలకి పంచే వైర్లు దొరుకుతాయి, మొదటి ఏడాదే తీసుకోండి.

రెండు కంపెనీల ఇళ్ళూ కలపొచ్చా అని అందరూ అడుగుతారు. కలపొచ్చు. మెరుపు లేని లీమాక్స్ ఇళ్ళు డికెన్స్ విలేజ్‌తో బాగానే కలిసిపోతాయి, ముఖ్యంగా వెనక వరసలో. మనుషుల బొమ్మలు మాత్రం ఒకే కంపెనీవి ఉంచండి. రెండు కంపెనీల్లోనూ మనిషి ఎత్తు తలుపు ఎత్తుకి సరిపోదు. ఆ పైన మనుషుల్లోనే చిన్నా పెద్దా తేడాలొస్తే చూపు అక్కడే ఆగిపోతుంది. గుమ్మం పక్కన మనిషిని నిలబెట్టకుండా వీధి మధ్యలో, చెట్ల పక్కన పెడితే ఆ లోపం సగం కప్పబడిపోతుంది.

పాతవి కొనడం: నేను చెప్పే మొదటి దారి

మీకు డికెన్స్ విలేజో, పాత స్నో విలేజో నచ్చితే కొత్తవి కొనకండి. ముప్ఫై నలభై ఏళ్ళ కిందట ఊళ్ళు పెట్టినవాళ్ళు ఇప్పుడు పెద్దవాళ్ళయి చిన్న ఇళ్ళకి మారుతున్నారు. వాళ్ళ పిల్లలకి వీటిని పెట్టుకునే చోటు లేదు. ఇంటి సామాను మొత్తం అమ్మేసే ఎస్టేట్ సేల్స్‌లో, వాడిన వస్తువులమ్మే గుడ్‌విల్ షాపుల్లో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో మంచి ఇల్లు 20, 30 డాలర్లకే దొరుకుతుంది. జనవరి నుంచి ఎండాకాలం దాకా వెతకండి. నవంబరు వస్తే అమ్మేవాళ్ళకీ ధైర్యం వస్తుంది.

ఇంటిని చేతిలోకి తీసుకోగానే అడుగు చూడండి. సిరీస్ పేరు, ఇంటి పేరు, సంవత్సరం అక్కడ ఉంటాయి. తర్వాత పొగగొట్టాల అంచులు, చూరు మూలలు, వేలాడే దుకాణం బోర్డు, గాలి దిక్కు చూపే కోడి, ముందు విరిగేవి ఇవే. పింగాణీ చిట్లిన చోట రంగు పోయి తెల్లటి మచ్చ కనిపిస్తుంది. మంచు ఉన్న చోట చిట్లితే మంచులో కలిసిపోతుంది కాబట్టి కళ్ళతో పాటు గోటితో కూడా తడమాలి. ఫోన్ టార్చి ఏటవాలుగా వేస్తే అతికించిన జిగురు మెరుస్తుంది. ఆఖరుగా, సంతలో కుండ కొనేటప్పుడు కొట్టి చూస్తామే, అలా వేలి కణుపుతో గోడ మీద తట్టండి. బాగున్న పింగాణీ ఖంగుమంటుంది, ఎక్కడో పగులున్నది బొంగురుగా పలుకుతుంది. పాత స్నో విలేజ్ మెరుపు పూత మీద వెంట్రుకవాసి గీతలు కనిపిస్తే భయపడకండి. పూతకి వయసు మీద పడిందంతే, ఇల్లు పగిలినట్టు కాదు.

వైరు పోయిందనో, బల్బు వెలగడం లేదనో ధర తగ్గిస్తే సంతోషంగా తీసుకోండి. పాత ఇళ్ళకి వైరు విడిగా వస్తుంది. వెనక రంధ్రంలో నొక్కితే పట్టుకునే హోల్డరు, చిన్న మూతి బల్బు, రెండూ ఇప్పటికీ దొరుకుతాయి. పాత ఇళ్ళలో నాకు నచ్చేది ఇదే. దీపాన్ని లోపలే అతికించేసిన ఇల్లయితే అది పోయిన రోజున ఇల్లంతా చీకటే. అందుకే కొత్తది కొన్నా, బల్బు విప్పి మార్చగలిగేదేనా అని చూడండి.

ఒకరి ఊరు మొత్తం, పదో పన్నెండో ఇళ్ళు, ఒకే బేరానికి వస్తే? కొనేయండి, కానీ అన్నీ ఒకేసారి బయట పెట్టకండి. రెండు మూడు ఇళ్ళతో మొదలుపెట్టి మిగతావాటిని పిల్లల కంట పడకుండా దాచి, ఏటా ఒకటి కాగితం చుట్టి ఇవ్వండి. ఏడాదికొకరు విప్పాలి, విప్పినవాళ్ళే దానికి చోటు చూపించాలి. ఆ ఏడాది ఇంట్లో జరిగిందేదైనా, ఇల్లు మారడం, తమ్ముడు పుట్టడం, అమ్మమ్మ వచ్చి వెళ్ళడం, ఒక చీటీ మీద రాసి పెట్టె మూతకి లోపల అంటించండి.

లెగో

2009లో ‘వింటర్ టాయ్ షాప్’ తో లెగో వాళ్ళు వింటర్ విలేజ్ మొదలుపెట్టారు. అప్పటినుంచి దాదాపు ఏడాదికొకటి వస్తోంది: బేకరీ, పోస్టాఫీసు, సంత, రైలు, అగ్నిమాపక కేంద్రం. ఏటా ఒక ఇల్లు అన్న నియమం కంపెనీయే పెట్టిపెట్టింది. పడితే పగలదు, ఊడితే మళ్ళీ పెట్టొచ్చు, జనవరిలో విప్పి సంచిలో పోస్తే చోటు కూడా తినదు. ఆరేడేళ్ళ నుంచి పన్నెండు దాకా పిల్లలుంటే ఇంకేమీ ఆలోచించకుండా ఇదే తీసుకోండి. రెండు చిక్కులున్నాయి. వాటితో వచ్చే లైటు నొక్కి పట్టుకున్నంతసేపే వెలుగుతుంది కాబట్టి ఊరంతా వెలగాలంటే బయటి ఎల్‌ఈడీ తీగలు వేయాలి. ఆగిపోయిన సెట్లు తర్వాత వెతికితే ధర మండిపోతుంది. ఈ ఏటిది ఈ ఏడే కొనాలి. పింగాణీ ఊళ్ళో దీన్ని కలపకండి, రెండూ చెడతాయి.

అట్ట ఇళ్ళు, పశువుల పాక

ఈ సరదా అంతా పుట్టింది డబ్బుతో కాదు. మొరేవియన్ క్రైస్తవులు 1741లో పెన్సిల్వేనియాలో బెత్లెహేము పట్టణం పెట్టారు. క్రీస్తు పుట్టుక కథని నాచు, రాళ్ళు, చెక్క బొమ్మలతో నేల మీద పరిచి చూపే వాళ్ళ ఆచారాన్ని పుట్జ్ అంటారు. అక్కడి సెంట్రల్ మొరేవియన్ చర్చి వాళ్ళు ఇప్పటికీ క్రిస్మస్‌కి పెడతారు, ఒక్కో ఘట్టం మీద దీపం వెలిగిస్తూ కథ చెబుతారు. పెన్సిల్వేనియా, న్యూజెర్సీల్లో ఉన్నవాళ్ళు ఏమైనా కొనేముందు ఒకసారి వెళ్ళి చూడండి. పుట్జ్ చుట్టూ ఊళ్ళు కూడా చేరాయి. 1920, 30ల్లో జపాన్ నుంచి అభ్రకం పొడి చల్లిన చిన్న అట్ట ఇళ్ళు వచ్చి, వూల్‌వర్త్స్ లాంటి చవక దుకాణాల్లో పైసల లెక్కన అమ్ముడయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధంతో ఆ వ్యాపారం ఆగింది.

అవి ఇంట్లో చేసుకోవచ్చు. సీరియల్ డబ్బా అట్ట, జిగురు, తడిరంగు, కిటికీలకి పసుపు సెల్లోఫేన్, వెనక గుండ్రటి రంధ్రం, అందులో తీగ మీది ఎల్‌ఈడీ ఒకటి. వేడెక్కే పాత బల్బు మాత్రం అట్ట ఇంట్లో పెట్టకూడదు. ఒక శనివారం మధ్యాహ్నానికి ఒక ఇల్లు అవుతుంది. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్ళకి, చేసే సరదా ఉన్నవాళ్ళకి, ఇంకో దేశానికి మారే ఆలోచన ఉన్నవాళ్ళకి ఇదే సరైనది. బాధేమిటంటే పదేళ్ళు నిలవడం కష్టం, తేమ తగిలితే అట్ట వంకర పోతుంది.

క్రైస్తవ కుటుంబమై ఉండి, పండుగ మధ్యలో దుకాణాలూ శాంతాక్లాజే మిగిలాడేమిటి అనిపిస్తే పశువుల పాకని మధ్యలో ఉంచి ఊరుని దాని చుట్టూ కట్టండి. డిపార్ట్‌మెంట్ 56లో కూడా ‘లిటిల్ టౌన్ ఆఫ్ బెత్లెహేమ్’ అని 1987 నాటి సిరీస్ ఉంది. కానీ మన దగ్గర గడ్డి, వెదురు పుల్లలతో కట్టి పైన నక్షత్రం వేలాడదీసే పాకకి ఉన్న అందం దానికి లేదు. ఈ పాకలో కొండపల్లి ఆవూ దూడా హాయిగా ఇమిడిపోతాయి. అదే కొండపల్లి బొమ్మని పింగాణీ వీధిలో పెడితే ఇంటి కప్పు దాటి కనిపిస్తుంది.

చోటు, కరెంటు, పెట్టెలు

కొనేముందు కొలత టేపు తీయండి. ఒక్కో ఇంటికి అడుగు వెడల్పు, దాదాపు అంతే లోతు లెక్కేసుకుంటే వీధికి, చెట్లకి చోటు మిగులుతుంది. ఆరడుగుల బల్ల మీద ఒక వరస అంటే ఆరిళ్ళు. ఏడో ఏడు ఏం చేస్తారు? వెనక మెట్టు కట్టాలి. హార్డ్‌వేర్ షాపుల్లో రెండంగుళాల మందంతో గులాబీ రంగులోనో, ఇంకో రంగులోనో గట్టి ఫోమ్ బోర్డు దొరుకుతుంది. దాన్ని కోసి మెట్లుగా పేర్చి, వైర్లకి వెనక గాళ్ళు తవ్వాలి. పూసలు పూసలుగా రాలే తెల్ల థర్మోకోల్ వద్దు, అది కోశాక వసంతం దాకా ఊడ్చుకోవాలి. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవాళ్ళకి ఇంకో లాభముంది. జనవరి 6న ఊరు తీసేసి, అవే మెట్ల మీద బట్ట పరిచి భోగి నాటికి కొలువు ఎక్కించొచ్చు. ఆ లెక్క ఉంటే మెట్ల సంఖ్య బేసిగా ఉండేలా ముందే కోసుకోండి.

కరెంటు ఖర్చుకి భయపడక్కర్లేదు. 7 వాట్ల పాత బల్బులు 20 ఇళ్ళలో వెలిగితే 140 వాట్లు. రోజుకి 5 గంటల చొప్పున నెలకి 21 యూనిట్లు, అంతే. ఎల్‌ఈడీకి మారమనేది బిల్లు కోసం కాదు, వేడి కోసం. ఇంటి చుట్టూ మంచు పరుపు కుక్కి, వెనక రంధ్రం మూసేస్తే ఆ వేడి పోయే దారి ఉండదు. మందుల షాపు దూది అసలే వద్దు, మంటలు త్వరగా అంటుకోని పాలిస్టర్ మంచు పరుపు తీసుకోండి. స్విచ్చున్న పవర్ స్ట్రిప్ ఒకటి పెడితే రాత్రి ఒక్క మీటతో ఊరంతా పడుకుంటుంది.

రైలు కావాలంటే ఓఎన్30 అడగండి. పెట్టెలు పెద్దవిగా, పట్టాలు సన్నగా ఉండే కొలత అది. బొమ్మ రైళ్ళు చేసే బాక్‌మన్ కంపెనీ (పైన చెప్పిన పూల సంస్థ కాదు) 1998లో దీన్ని తెచ్చాక విలేజ్ పెట్టేవాళ్ళు దీనికే మరిగారు. మామూలు హెచ్‌ఓ కొలత రైలు ఈ ఇళ్ళ పక్కన మరీ చిన్నదైపోతుంది. పట్టాల దగ్గర పొడి మంచు చల్లొద్దు, ఇంజను పళ్ళచక్రాల్లోకి పోతుంది.

పెట్టెలు పారేయకండి. బొమ్మ ఇంటి ఆకారానికి తవ్విన లోపలి అచ్చు పోతే, మీరు ఇల్లు మారినప్పుడల్లా ఆ బొమ్మ చిట్లకుండా ఉంటుందని చెప్పలేం. పెట్టె ఒక్కోటి బూట్ల డబ్బా కంటే లావు. ఇరవై పెట్టెలంటే ఒక క్లాజెట్ నిండా. అపార్ట్‌మెంట్లో ఉంటూ ఆ చోటు లేనివాళ్ళు పింగాణీ జోలికి పోకుండా లెగోనో, అట్టో ఎంచుకోవడమే మేలు. గరాజ్ నేల మీద పెట్టొద్దు, చెమ్మకి ముందు అట్ట పోతుంది.

హైదరాబాద్‌కో, విజయవాడకో తీసుకెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఇక్కడి ఇళ్ళు 120 వోల్టులవి. ప్లగ్గు ఆకారం మార్చే ముక్క తగిలించి అక్కడి 230 వోల్టుల్లో పెడితే బల్బు ఒక్క క్షణం భగ్గున వెలిగి పోతుంది. లీమాక్స్ అడాప్టర్ మీద 100–240 అని ఉంటే పనిచేస్తుంది, 120 అని మాత్రమే ఉంటే కాదు. కన్వర్టర్లు మోసుకెళ్ళే బదులు వైరు తీసేసి, వెనక రంధ్రంలోంచి బ్యాటరీ దీపం ఒకటి లోపల పెట్టేయండి. బిళ్ళ బ్యాటరీ ఉన్నదైతే మూత స్క్రూతో బిగించేదే కొనండి. ఇంట్లో నాలుగేళ్ళ లోపు పిల్లలుంటే ఆ బ్యాటరీ మింగడం ప్రాణాల మీదికి తెస్తుంది.